తాకిస్తే చాలనే కార్డు



ఈ రోజు మనం ఒక కార్డు గురించి మాట్లాడుకుందాం. ఇది రేషన్ కార్డు కాదు. యంత్రం దగ్గర పెడితే పైసలు కట్టే కార్డు. దీన్ని స్మార్ట్ కార్డు అంటారు.

ఇది పట్నం వాళ్ళ వస్తువు, మనకెందుకు అనుకుంటున్నారా? అయితే 2007 నాటి సంగతి వినండి. అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబర్ 11న వేరువేరు జిల్లాలు అయ్యాయి. ఆ పాత వరంగల్ జిల్లాలోనే, కొన్ని మండలాల్లో, పింఛను, ఉపాధి కూలి స్మార్ట్ కార్డు మీద ఇచ్చి చూశారు. హైదరాబాద్‌లో మెట్రో రైలు 2017 నవంబర్‌లో మొదలైంది. అంతకు పదేళ్ళ ముందే మన పల్లెల్లో అవ్వలు స్మార్ట్ కార్డు చేతపట్టారు!

అంతకుముందు ఎట్లా ఉండేది? కూలి పైసలకు పోస్టాఫీసు చుట్టూ తిరిగేవాళ్ళం. పింఛనుకు పంచాయతీ ముందు కూర్చునేవాళ్ళం. కాగితం మీద వేలిముద్ర వేసేవాళ్ళం. ఆ కాగితంలో ఎంత రాశారో తెలిసేది కాదు. చేతిలో పెట్టినంత తీసుకుని వచ్చేవాళ్ళం.

కార్డు వచ్చాక యంత్రమే ఊళ్ళోకి వచ్చింది. దాన్ని నడిపింది ఎవరు? అదే ఊరి ఆడపడుచు. చదువుకున్నామె, వీలైతే పొదుపు సంఘంలో ఉన్నామె కావాలని నియమం పెట్టారు. అవ్వ కార్డు చూపేది. వేలిముద్ర వేసేది. ముద్ర కలిస్తేనే పైసలు. వేరేవాళ్ళు వేలు పెడితే రావు.

తర్వాత ఈ పద్ధతి చాలా జిల్లాలకు పోయింది. 2010 నుంచి 2012 దాకా 8 జిల్లాల్లో, 157 మండలాల్లో పరిశోధకులు దీన్ని పరిశీలించారు. మన పక్కనున్న నల్లగొండ, ఖమ్మం కూడా అందులో ఉన్నాయి. ఏం తేలింది? కూలి త్వరగా అందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గింది. ఎక్కువ మందికి పాత పద్ధతి కన్నా కార్డే నచ్చింది. కష్టం కూడా ఉంది. మట్టి పని, కలుపు పని చేసి వేళ్ళు అరిగినవాళ్ళకు ముద్ర పడక తిప్పలయ్యేది.

ఇప్పుడు బ్యాంకులు ఇచ్చే కార్డుల సంగతి చూద్దాం. మీ కార్డు తీసి చూడండి. దాని మీద నాలుగు వంకర గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయా? ఉంటే అది తాకిస్తే చాలనే కార్డు. లోపల చిన్న చిప్పు, సన్నని తీగ ఉంటాయి. యంత్రానికి రెండు మూడు వేళ్ళ దూరంలో పెడితే రెండూ మాట్లాడుకుంటాయి. పైసలు కట్టడం అయిపోతుంది.

దీనికి వేలిముద్ర అక్కర లేదు. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు రహస్య అంకె కూడా అక్కర లేకుండా కట్టవచ్చు. సులువే. కానీ ఆలోచించండి. అవ్వ కార్డుకు ఆమె వేలు కాపలా. ఈ కార్డుకు కాపలా ఏది? మన చూపే! మనం నేర్చుకున్న అంకెలే!

అందుకే ఈ మాటలు గుర్తుంచుకోండి.

కార్డు తాకించే ముందు యంత్రం మీద అంకె చదవండి. 250కి బదులు 2,500 ఉండవచ్చు. ఒక్క సున్నా మన పది రోజుల కూరగాయల ఖర్చు.

కార్డు మీ చేత్తో మీరే తాకించండి. దుకాణంవాళ్ళు తీసుకుని లోపలికి పోతే ఊరుకోకండి. అప్పు కింద కార్డు కుదువ పెట్టకండి.

రసీదు అడిగి తీసుకోండి. చదవండి.

తాకించే పద్ధతి వద్దనుకుంటే బ్యాంకుకు చెప్పి ఆపించుకోవచ్చు. అది మీ హక్కు.

కార్డు పోతే ఆ క్షణమే బ్యాంకుకు ఫోను చేయండి. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలి. ఆలస్యం చేస్తే నష్టం మనది. ఎవరైనా మోసంతో పైసలు కాజేస్తే 1930కి ఫోను చేయండి.

బస్సులో కూడా ఇదే అలవాటు పెట్టుకోండి. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం మొదలైంది. గుర్తింపు కార్డు చూపితే కండక్టరు సున్నా టికెట్ ఇస్తారు. సున్నానే కదా అని పారేయకండి. ఎక్కిన ఊరు, దిగే ఊరు చదవండి. పైసలు లేని టికెట్ కూడా లెక్కే.

కార్డు తెలివైనదని అంటారు. కానీ దానికి మన మంచి చెడు తెలియదు. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట వింటుంది. కంచె లేని చేనులో ఏ పశువైనా మేస్తుంది.

చివరగా ఒక ప్రశ్న. ఇంటికి పోయి చూసుకోండి. మీ పేరున్న కార్డు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?