ఒంటి తీగ మీద మూడు ఫేజులు

ఫైళ్ళు మోసిన గుమాస్తాకు కరెంటు సంగతులెందుకని అనుకోకండి, ఇది మన పొలాల దాకా వచ్చే విషయమే.

మూడు ఫేజులలో ఒకటి పోతే మోటారు కాలిపోతుందని పల్నాడులో బోరున్న ప్రతి రైతుకూ తెలుసు. మరి నరసరావుపేట మీదుగా వెళ్ళే రైలు పట్టాల పైన ఉన్నది ఒకటే తీగ, 25,000 వోల్టుల సింగిల్ ఫేజు. 1998 నుండి చిత్తరంజన్‌లో తయారవుతున్న డబ్ల్యూఏజీ-9 గూడ్సు ఇంజనులో ఆరు మోటార్లూ త్రీఫేజువే. మిగతా ఫేజులు ఎక్కడివి?

ఇంజనే తయారుచేసుకుంటుంది. తీగ కరెంటును ముందు డీసీగా మారుస్తుంది. ఆ డీసీని ఎలక్ట్రానిక్ స్విచ్చులు సెకనుకు వందలసార్లు వేసి తీస్తాయి. ఎక్కువసేపు వేసి ఉంచితే సగటున వోల్టేజి పెరుగుతుంది, తక్కువసేపైతే తగ్గుతుంది. ఆ వ్యవధిని క్రమంగా పెంచుతూ తగ్గిస్తూ పోతే మోటారుకు అది ఏసీ అలే. దీనినే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. ఇటువంటి స్విచ్చుల జతలు మూడు, ఒకదాని వెనుక ఒకటి మూడోవంతు ఆలస్యంగా నడిస్తే మూడు ఫేజులు వచ్చినట్లే.

బ్రేకు వేసినప్పుడు ఆ మోటార్లే జనరేటర్లై కరెంటును తిరిగి తీగకు పంపుతాయి. నా సర్వీసులో ఇంత త్వరగా వచ్చిన రీఫండు చూడలేదు!

పొలంలో సింగిల్ ఫేజు మీద కండెన్సరు పెట్టి నడిపితే ఫేజులు సమంగా రావు, మోటారు వేడెక్కుతుంది. రైలింజను పద్ధతిలోనే పనిచేసే వీఎఫ్‌డీ పెట్టెలు చిన్న మోటార్లకూ దొరుకుతున్నాయి. మళ్ళీ రీవైండింగుకు డబ్బు పోసేముందు మీ అబ్బాయిలను ఒకసారి వీటి ధర కనుక్కోమనండి.