ఎన్ని నీళ్లన్నదే కాదు, ఎప్పుడన్నదీ లెక్కే

(ప్రసంగ పాఠం)



నీళ్లంటే మనకు టీఎంసీలే గుర్తుకొస్తాయి. ఎవరి వాటా ఎంత, ఎన్ని క్యూసెక్కులు వదిలారు? ఈ లెక్కలు మనలో చాలామందికి కంఠతా వచ్చు. అవి తెలిసి ఉండాల్సిందే. కానీ నదిలో బతికే జీవికి ఇంకో లెక్క ఉంది. నీళ్లు ఎప్పుడు పెరిగాయి, ఎప్పుడు తగ్గాయి అన్నదే ఆ లెక్క. అమెరికాలోని కొలరాడో నది సంగతి చెప్తాను, వినండి.

ఆ నది మీద అరిజోనా రాష్ట్రంలో గ్లెన్ కాన్యన్ డ్యాం ఉంది. 1963లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. కరెంటు వాడకం ఎక్కువున్న వేళ టర్బైన్లకు నీళ్లు ఎక్కువ వదులుతారు. రాత్రి తగ్గిస్తారు. దాంతో కింద గ్రాండ్ కాన్యన్‌లో నది సముద్రపు ఆటుపోట్ల లెక్క రోజూ పెరుగుతుంది, రోజూ తగ్గుతుంది.

దెబ్బ ఎవరికి తగిలింది? మేఫ్లై, స్టోన్‌ఫ్లై, కాడిస్‌ఫ్లై అనే చిన్న పురుగులకు. ఇవి నీళ్లలో పెరిగి, రెక్కలొచ్చాక పైకొస్తాయి. వీటిలో చాలా జాతులు పొద్దుగూకే వేళ నీటి అంచున రాళ్లకు గుడ్లు అంటిస్తాయి. కొన్ని గంటల్లో నీళ్లు దిగిపోతాయి. గుడ్లు బయటపడి ఎండి చస్తాయి. పురుగు లేకుంటే చేపకు, పక్షికి, గబ్బిలానికి తిండి లేదు.

ఇది ఎట్ల తెలిసింది? పడవలు నడిపే గైడ్లు రాత్రిపూట ఒడ్డున లైటు పెట్టి పురుగులను పట్టి శాస్త్రవేత్తలకు ఇచ్చారు. 2012 నుంచి 2014 దాకా 2,500కు పైగా నమూనాలు జమయ్యాయి. 2016లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. డ్యాం నుంచి వచ్చే చల్లటి నీళ్లూ ఒక కారణమే. కానీ రోజువారీ హెచ్చుతగ్గులు గుడ్లనే మింగుతున్నాయని తేలింది.

2018లో మే నుంచి ఆగస్టు దాకా శని, ఆదివారాలు నీళ్లను తక్కువ మట్టంలో నిలకడగా వదిలారు. ఆ రెండు రోజులు పెట్టిన గుడ్లు తడిలోనే ఉన్నాయి. ఆ ఏడు కాడిస్‌ఫ్లైలు పెరిగాయి. నెలకు వదిలే మొత్తం నీళ్లలో ఒక్క చుక్క తేడా లేదు. మారింది వేళ మాత్రమే.

మన కృష్ణ మీద శ్రీశైలం, నాగార్జునసాగర్‌లలోనూ కరెంటు కోసం టర్బైన్లు తిరుగుతాయి. వాటి కింద నత్తలు, ఆల్చిప్పలు, రొయ్యలు, పురుగులు ఎట్ల ఉన్నాయో ఎవరైనా లెక్క తీస్తున్నారా? ఏ గంటకు ఎన్ని నీళ్లు వదిలారో ఆ రికార్డు అడగాలె. విద్యార్థులు ఒడ్డు రాళ్లు తిప్పి చూడాలె. వాటా కోసం కొట్లాడినోళ్లమే నది తరఫున కూడా మాట్లాడాలె.