బరువున్నవాళ్ళు సైకిల్ కొనేముందు వెనక చక్రం చూడండి

డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్ళ కోసం ఈ వారం మాట్లాడిన మాటలు ఇక్కడ రాసి పెడుతున్నాం.

గల్ఫ్‌లో మనవాళ్ళు చాలామందికి క్యాంపు నుంచి సైటుకి, రూమ్ నుంచి బకాలాకి సైకిలే దిక్కు. 95, 100 కిలోలున్న అన్నలు చెప్పే మాట ఒకటే: "మాటిమాటికీ వెనక స్పోకులు విరుగుతున్నాయి, నా బరువుకి సైకిల్ పనికిరాదేమో." పనికొస్తుందన్నా. కాకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలియాలి.

ముందు లెక్క చూసుకుందాం. మామూలు సైకిళ్ళు చాలావాటికి 100 నుంచి 120 కిలోల వరకే హద్దు ఉంటుంది. అది మీ ఒక్కరి బరువు కాదు. మీరు 95, క్యారియర్ మీద బియ్యం బస్తా 20, బ్యాగు 5, మొత్తం 120. కొన్ని కంపెనీలు సైకిల్ బరువు కూడా ఇందులోనే కలుపుతాయి. అందుకే బస్తా వేసిన రోజు నడిపించుకుని రావడం నామోషీ కాదు.

సీటు మీద కూర్చుంటే సగానికి పైగా బరువు వెనక చక్రం మీదే పడుతుంది. గేర్ల సైకిల్లో ఆ చక్రానికి కుడివైపు స్పోకులు బిగువుగా, ఎడమవైపువి కాస్త వదులుగా ఉంటాయి. బిగింపు సరిగా లేకపోతే చక్రం తిరిగిన ప్రతిసారీ స్పోకు వంగి సాగి, చివరికి హబ్ దగ్గరి వంపులో విరుగుతుంది. ఒకటి పోతే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. అందుకే విరిగిన ఒక్కదాన్ని మార్చి ఊరుకోవద్దు. చక్రం మొత్తం బిగింపు సరిచేయించండి. ఒకే వైపు స్పోకుల్ని వేలితో మీటితే దాదాపు ఒకేలా మోగాలి.

కొనేటప్పుడు స్పోకులు లెక్కపెట్టండి. వెనక 36 ఉంటే మంచిది. రిమ్ము డబుల్ వాల్‌ది అడగండి. వెనక గేర్లు స్క్రూలా బిగించే ఫ్రీవీల్ రకమైతే ఇరుసుకి కుడివైపు ఆసరా తక్కువ, బరువుకి వంగిపోతుంది. క్యాసెట్ రకం హబ్ దీనికంటే నయం. ముందు స్ప్రింగుల ఫోర్కు చూసి మోజు పడొద్దు. చవక రకాల్లో అది బరువు పెంచడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. ఆ డబ్బు చక్రానికి పెట్టండి.

టైరు వెడల్పుగా ఉండాలి. 26 అంగుళాల చక్రానికి 1.95 లేదా 2.1 బాగుంటుంది. గాలి ఎంత పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. వెనక టైరుకి ఆ పై అంకెకి దగ్గరగా పట్టండి, దాటనివ్వొద్దు. ముందు టైరుకి కొంచెం తక్కువ. బొటనవేలితో నొక్కి చూసే లెక్క నమ్మొద్దు, గేజీతో వారానికోసారి చూడండి. గాలి తక్కువైతే గుంతలో రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఇక తొక్కే తీరు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి, సీటు ఎత్తు అంతే. సీటు మరీ కిందికుంటే మోకాళ్ళు పోతాయి. ఎత్తు పెంచేటప్పుడు సీటు రాడ్డు మీద ఉన్న గీత బయటికి కనిపించకూడదు. బరువు గేరులో బలవంతంగా తొక్కకుండా తేలిక గేరులో వేగంగా కాళ్ళు ఆడించండి. 15 సెకన్లలో 18, 20 చుట్లు వస్తే చాలు.

గుంత వచ్చిందంటే తొక్కడం ఆపి, రెండు పెడళ్ళూ సమంగా పెట్టి, సీటు నుంచి కొంచెం పైకి లేవండి. మోకాళ్ళు, మోచేతులు వదులుగా ఉంచండి. చక్రం మీద పడే దెబ్బ చాలావరకు తగ్గుతుంది. బరువు ఎక్కువైతే సైకిల్ ఆగడానికీ ఎక్కువ దూరం కావాలి. కాబట్టి ముందుగానే, రెండు బ్రేకులూ కలిపి పట్టండి. అరిగిన బ్రేకు రబ్బర్లు వాయిదా వేయకుండా మార్చండి.

రాత్రి షిఫ్టు దిగి వస్తుంటే నడిరోడ్డు మీద చక్రం కూలిందనుకోండి, పోయేది స్పోకు ఖర్చు ఒక్కటే కాదు. పక్కనుంచి ట్రైలర్లు పోతుంటాయి. చెయ్యి విరిగితే ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుంది.

వచ్చే సెలవు రోజున పది నిమిషాలు కేటాయించండి. స్పోకులు మీటండి, గాలి చూడండి, వెనక చక్రాన్ని పైకెత్తి పక్కకి ఊపి ఇరుసు వదులుందేమో చూడండి. రూమ్‌లో బరువున్న అన్న ఎవరైనా ఉంటే ఆయన సైకిల్ కూడా చూసి పెట్టండి. ఉంటాను మరి.