మెమో వచ్చిన నాడే కేసు మొదలు

(కోనరావుపేటలో వాడల జనం, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట కొలువుల సంగతి మాట్లాడుకుందాం. మన వాడల నుంచి ఒక పంతులయ్యిండు, ఒక కండక్టరయ్యిండు. అటెండర్లున్నరు, లైన్‌మన్లున్నరు, హాస్టల్ల వంటచేసే అక్కలున్నరు. ఒక్క జీతం మీద రెండు మూడు ఇండ్లు బతుకుతున్నయి. తమ్ముని ఫీజు, చెల్లె పెండ్లి, అయ్య మందులు అన్నీ ఆ జీతం మీదనే. అసొంటి కొలువుకు ఒక కాగితం ముక్క వస్తది. దాన్ని మెమో అంటరు, ఛార్జిషీటు అంటరు. ఆ రోజు ఇంట్ల పొయ్యి వెలగదు.

ముందుగాల ఒక ముచ్చట. మన తాతలకు మెమో ఎరుకలేదు. గడీల వెట్టి చేసినోని తప్పుకు విచారణ లేదు, కొరడా ఉండె. ‘నీ మీద ఈ ఆరోపణ ఉన్నది, నీ జవాబు చెప్పు’ అని అడగాలె అనేది రాజ్యాంగంల 311వ అధికరణ ఇచ్చిన హక్కు. అంటే మెమో కూడా మన హక్కుల కాగితమే. దాన్ని చూసి వణుకుడు మానాలె.

మేం ఊళ్ళల్ల తిరుగుతుంటే మూడు తీర్ల మనుషులు కనపడుతున్నరు. ఒకరు మెమో చూడంగనే ‘తప్పైంది సార్, క్షమించండి’ అని రాసిస్తరు. ఎందుకు రాసినవంటే, సారు మంచోడే, రాసిస్తే ఏం కాదన్నడు అంటరు. ఇంకొకరు కోపానికొచ్చి మెమో తీసుకోనే తీసుకోరు. మూడో మనిషి విచారణకే పోడు. ‘వాళ్ళు ముందే రాసుకున్నరు, పోయి ఏం లాభం, హైకోర్టుల చూసుకుంట’ అంటడు. మూడిట్ల ఈ మూడోదే ఎక్కువ ముంచుతది. ఎట్లనో చెప్తం.

1963లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే ఒక కేసు సుప్రీంకోర్టుకు పోయింది. శ్రీరామారావు అనే ఎస్సై కేసు. డిపార్టుమెంటు డిస్మిస్ చేసింది, హైకోర్టు ఆ డిస్మిస్సును కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును కొట్టేసి డిస్మిస్సునే నిలబెట్టింది. కోర్టు చెప్పిన మాట సారం ఇది: శాఖా విచారణ మీద హైకోర్టు అప్పీలు కోర్టు కాదు. విచారణ చేసినోనికి అధికారం ఉన్నదా, రూల్సు ప్రకారం చేసిండా, సహజ న్యాయం పాటించిండా, కొంచమన్నా సాక్ష్యం ఉన్నదా, ఇవి చూస్తది. సాక్ష్యాన్ని మళ్ళ తూచదు. 1975లో చిత్రా వెంకటరావు కేసుల ఇదే మాట మళ్ళ చెప్పింది. అదిగూడ మన రాష్ట్రం కేసే.

దీని అర్థం ఏంది? నువ్వు నిర్దోషివా కాదా అని హైకోర్టు మొదటినుంచి తవ్వదు. ఆఫీసుల జరిగిన విచారణ మిసిల్‌ను చూస్తది. ఆ మిసిల్ల నీ సంజాయిషీ లేకపోతే, నువ్వు అడిగిన నకళ్ళ దరఖాస్తు లేకపోతే, సాక్షిని నువ్వు వేసిన ఒక్క ప్రశ్న లేకపోతే, పెద్ద వకీలైనా దేన్ని పట్టుకొని వాదిస్తడు? మన కేసు గెలుసుడో ఓడుడో ఎక్కువ మట్టుకు మండలాఫీసుల, డిపోల, డీఈవో ఆఫీసులనే తేలిపోతది. హైదరాబాదు బస్సెక్కే నాటికి సగం కత ముగుస్తది.

అందుకే మెమో రాంగనే దాంట్ల ఉన్న గడువు చూడాలె. ఏ కాగితాల ఆధారంగా ఆరోపణ చేసిన్రో ఆ కాగితాల నకళ్ళు రాతమూలకంగా అడగాలె. సాక్షులను ఎదురు ప్రశ్నించే హక్కు ఉన్నది. పెద్ద శిక్ష పడే విచారణల నీకు సాయంగ ఇంకో ఉద్యోగిని కూచోబెట్టుకునే హక్కు 1991 నాటి సి.సి.ఎ. రూల్సులనే ఉన్నది. మనోళ్ళల్ల ఈ సంగతి ఎరుకున్నోళ్ళు తక్కువ. యూనియన్ నాయకులు కూడా అందరికీ చెప్పరు, ఎవరికి చెప్పాలెనో వాళ్ళకే చెప్తరు. ఆ సంగతి ఇంకోసారి.

విచారణ అయిపోయినంక రిపోర్టు రాస్తరు. అంతకు ముందు ఆ రిపోర్టు ఉద్యోగికి చూపకుండనే శిక్ష వేసేటోళ్ళు. హైదరాబాదుల ఉన్న ఇ.సి.ఐ.ఎల్. కంపెనీ కేసుల, 1993 అక్టోబరు 1న అయిదుగురు జడ్జీలు కూచొని తేల్చిన్రు: విచారణ చేసినోడు, శిక్ష వేసేటోడు వేరువేరైతే, రిపోర్టు నకలు ముందుగాల ఉద్యోగికి ఇయ్యాలె, వాని మాట వినాలె, అటెనుకనే శిక్ష. సర్కారు ఆఫీసైనా, ప్రైవేటు సంస్థైనా ఇదే రూలన్నరు. కాని ఇండ్ల ఒక మెలిక ఉన్నది. నకలు ఇయ్యలేదు గనుక కొలువు వాపసు అని కోర్టు వెంటనే అనదు. ఇయ్యకపోవుడుతోని నీకేం నష్టమైందో చూపమంటది. కాబట్టి రిపోర్టు అందినంక దాంట్ల తప్పులను లైను లైనుగ రాసి పెట్టుడు మన పని.

ఇగ సస్పెన్షను. కోలారు బంగారు గనులల్ల ఒక సెక్యూరిటీ ఆఫీసరును 1985లో సస్పెండ్ చేసిన్రు. బతుకుభత్యం ఒక్క పైస ఇయ్యలేదు. ఆయన కేరళల ఇంటికాడ ఉన్నడు, వచ్చేటందుకు ఛార్జీలు లేవు, పాణం బాగలేదు. ఆయన లేకుండనే విచారణ ముగించి కొలువు తీసేసిన్రు. పోలీసు కేసును క్రిమినల్ కోర్టు కొట్టేసింది. 1999లో సుప్రీంకోర్టు ఆయన కొలువు ఆయనకు ఇప్పించింది. తిండికి పైసలియ్యకుండ విచారణకు రమ్మనుడు న్యాయం కాదన్నది. సస్పెన్షనుల మొదట సగం జీతం లెక్కన వచ్చే బతుకుభత్యం దయ కాదు, అడిగి తీసుకోవాలె. 2015లో ఇంకో తీర్పొచ్చింది: ఛార్జిషీటు ఇయ్యకుండ మూడు నెలలు దాటి సస్పెన్షనుల ఉంచొద్దని. పద్నాలుగేండ్లు పట్టింది చూడున్రి ఆ కోలారు మనిషికి. ఇండ్ల పిల్లలు పెద్దోళ్ళయి ఉంటరు.

మన మీద మెమోలు యాడనుంచి మొదలైతయో అందరికీ ఎరుకే. ఊరి పెద్దకు ఎదురు మాట్లాడిన పంతులు మీద, కుర్చీల కూచున్న అటెండరు మీద ఆకాశరామన్న ఉత్తరం పోతది. దళితునికి హాని చెయ్యాలని దళితుడు కానోడు సర్కారు అధికారికి అబద్ధం చెప్పి ఆ అధికారం వాడించుడు 1989 అట్రాసిటీ చట్టం కింద నేరం. అయితే ఒకమాట తేటగ చెప్తున్నం. మన పిల్లల హాస్టల్ బియ్యం అమ్ముకున్నోడు మనోడైతే, వానికి రావాల్సిన నోటీసు, నకలు ఇప్పిస్తం. వాని కోసం జెండా మాత్రం పట్టం.

ట్రిబ్యునల్ ముచ్చట పెద్దోళ్ళు అడుగుతున్నరు. ఆరుసూత్రాల తర్వాత 371-డి కింద 1976లో హైదరాబాదుల ఉద్యోగుల ట్రిబ్యునల్ పెట్టిన్రు. అండ్ల ఒక చిత్రమైన ఏర్పాటుండె. ఉద్యోగి సర్కారు మీద గెలిస్తే, ఆ తీర్పును ఓడిన సర్కారే రద్దు చేసుకోవచ్చు! 1986 డిసెంబరుల సాంబమూర్తి కేసుల సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1997లో చంద్రకుమార్ కేసుల, ట్రిబ్యునల్ తీర్పుల మీద హైకోర్టు చూడొచ్చన్నది. 2016లో తెలంగాణ ఉద్యోగుల కేసులు ఆ ట్రిబ్యునల్ నుంచి హైకోర్టుకు మారినయి. ఇప్పుడు రాష్ట్ర సర్కారు ఉద్యోగికి నేరుగా హైకోర్టే దిక్కు.

ఇదంతా పర్మనెంటు కొలువోళ్ళ సంగతి. గ్రామపంచాయతీ సఫాయి కార్మికులు, ఔట్‌సోర్సింగు పిల్లలు ‘మాకేంది?’ అని ఇందాక అడిగిన్రు. ముందు ఉన్నదున్నట్టు చెప్పాలె. మీకు 311 లేదు. ‘రేపటి నుంచి రాకు’ అంటే అదే ఆర్డరు, అదిగూడ నోటితోని. 2006ల ఉమాదేవి కేసు అడ్డం పెట్టి ఏండ్లకేండ్లు ఊడ్చినోళ్ళను పర్మనెంటు చెయ్యమన్నరు. కాని 2024 డిసెంబరుల సుప్రీంకోర్టు, కేంద్ర జలసంఘం ఆఫీసుల ఏండ్ల తరబడి ఊడ్చిన ఆడవాళ్ళను, వాళ్ళతోటి మరో కార్మికుణ్ణి మళ్ళ కొలువుల పెట్టి పర్మనెంటు చెయ్యమన్నది. వాళ్ళను 2018ల ఒక్క పొద్దున తీసేసిన్రు. ఎప్పటికీ ఉండే పనిని తాత్కాలికమని పేరు పెట్టి చేయించుకునుడు తప్పని చెప్పింది, ఉమాదేవి తీర్పును ఆయుధంగ వాడొద్దన్నది. ఆ ఆడవాళ్ళు గెలిచిన్రంటే పని చేసిన లెక్కలు చూపగలిగిన్రు. మీ దగ్గర హాజరు పట్టీ ఫొటో ఉన్నదా? బ్యాంకుల జీతం పడ్డ పాసుబుక్కున్నదా? ఇయ్యాల్టి నుంచి దాసుకోన్రి. చేతికి జీతమిస్తే రాయించుకోన్రి.

కార్యకర్తలకు ఒక పని. ప్రతి ఊళ్ళె ఒక మనిషి, రాసుడు చదువుడు వచ్చినోడు, పదో తరగతి ఆడపిల్లైనా సరే, ఈ కాగితాల పనికి ఉండాలె. మెమో వచ్చిన నాడే కబురు పెట్టున్రి, మేం వస్తం. సంజాయిషీ ఇచ్చేటప్పుడు రెండో నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోన్రి. వెయ్యమంటే స్పీడు పోస్టుల పంపున్రి, రశీదు కుట్టి పెట్టున్రి. మెమో వచ్చిన కవరును కూడా పారెయ్యకున్రి. గడువు లెక్క కట్టేటప్పుడు దాని మీది పోస్టాఫీసు ముద్ర తేదీ కావాల్సొస్తది.