పులివెందుల పక్కన యురేనియం: ఒంట్లో కణానికి ఏమవుతుంది?

కడప జిల్లా వేముల మండలంలో తుమ్మలపల్లె ఉంది కదా, యూసీఐఎల్ యురేనియం గని. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో బోర్లు వేస్తారనగానే జనం రోడ్డెక్కింది కూడా ఈ యురేనియం భయంతోనే. ఇంతకీ అది మన ఒంటిని ఏం చేస్తుంది?

ఆ రాయిని కాసేపు చేత్తో పట్టుకుంటే పెద్దగా ఏం కాదు. యురేనియంలో సగం తరగడానికే సుమారు 450 కోట్ల ఏళ్లు పడుతుంది, అంత నిదానం. అది వదిలే ఆల్ఫా రేణువుని మన చర్మం పైపొరే ఆపేస్తుంది.

అదే దుమ్ముగానో, రేడాన్ గ్యాస్‌గానో ఊపిరితిత్తుల్లోకి పోయిందనుకోండి, అక్కడ అడ్డం పడే పైపొర లేదు. రేణువు నేరుగా బతికున్న కణంలోకి దూసుకుపోతుంది. దారిలో నీటి అణువుల్ని చీలుస్తుంది, ఆ ముక్కలు డీఎన్ఏ మీద పడతాయి. కొన్నిసార్లు రేణువే డీఎన్ఏని తెంపుతుంది. ఒక పోగు తెగితే కణం రెండో పోగు చూసి అతికించుకుంటుంది. రోజూ వేలసార్లు చేసే పనే అది. రెండు పోగులూ ఒకేచోట తెగితేనే చిక్కు, చూసి రాసుకోడానికి పక్కన చెక్కుచెదరని పోగు ఉండదు. అప్పుడు కణం చచ్చిపోవచ్చు. చావడం నయం అప్పా! తప్పుగా అతికి బతికితే ఆ తప్పుతోనే విభజన అవుతుంది. ఏళ్ల తర్వాత క్యాన్సర్ కావచ్చు, కాకపోనూవచ్చు.

నీళ్ల సంగతి వేరు. తాగే నీళ్లలో యురేనియం ఉంటే రేడియేషన్ కంటే ముందు దాని రసాయన విషమే కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. అందుకే డబ్ల్యూహెచ్ఓ లీటరుకి 30 మైక్రోగ్రాములు అని హద్దు పెట్టింది. తుమ్మలపల్లెలో ఖనిజం తీశాక మిగిలిన బురద కొట్టాల దగ్గర చెరువులోకి పోతుంది. అక్కడినుంచి భూగర్భజలం పాడైందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని రైతులంటారు. కంపెనీ కాదంటుంది. నన్నడిగితే, ఈ గొడవలో "రేడియేషన్ ఉందా లేదా" అన్నది సగం ప్రశ్నే. బోరు నీళ్లలో యురేనియం ఎన్ని మైక్రోగ్రాములుంది, ఏటేటా పెరుగుతోందా, ఆ లెక్క ఊరోళ్ల చేతికి రావాలి.

మామూలు నీటి పరీక్షలో యురేనియం చూడరు, పేరు పెట్టి అడగాలి. ఇంకోటి, నీళ్లు కాచితే అది పోదు, నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్ఓ ఫిల్టర్ చాలావరకు తీసేస్తుంది.