మాంజాకు చిక్కిన రెక్క

కనుమ పశువుల పండుగ. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ డాబాల మీద మాత్రం సంక్రాంతి మూడు రోజులూ పతంగులదే సందడి. ఆ సందడిలో పావురాలూ గద్దలూ గాయపడుతున్నాయి. అవి మేతకు బయల్దేరే తెల్లవారుజామున, గూటికి మళ్లే సాయంత్రం వేళ పతంగులు దించేయండి.

పతంగులకు కట్టే నైలాన్ దారాన్ని, అంటే నైలాన్ మాంజాను, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అది సులువుగా తెగదు, కుళ్లదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది పండుగ వెళ్లిపోయాక కూడా చెట్లకూ తీగలకూ వేలాడే ఆ దారమే. చిక్కుకున్న పక్షి గింజుకున్నకొద్దీ దారం రెక్కలోకి దిగిపోతుంది. గాజుపొడి పూసిన నూలూ కోస్తుంది. పిల్లలకు సాదా నూలుదారమే కొనివ్వండి.

గాయపడ్డ పక్షి దొరికితే దారం లాగకండి. ఒంటికి కాస్త ఎడంగా కత్తిరించి, పక్షిని మెత్తని గుడ్డతో పట్టుకుని, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు. నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది. పండుగ వేళలు ముందే కనుక్కోండి. పక్షి కరెంటు తీగకు చిక్కితే మీరు ఎక్కకండి, విద్యుత్ సిబ్బందిని పిలవండి.

కనుమ మర్నాడు డాబా మీది దారాలన్నీ ఏరి, ముక్కలుగా కత్తిరించి, అప్పుడే చెత్తబుట్టలో వేయండి.