రెండు తరాలు, ఒకే నిరీక్షణ



మన అనంతపురంలో క్రికెట్ చూసే ఇంట రెండు తరాలు కూర్చుంటాయి. పెద్దలు 1996 సెమీఫైనల్‌ను మరువలేదు. కలకత్తాలో ఒక వికెట్టుకు 98 పరుగులున్న జట్టు, సచిన్ అవుట్ కాగానే 8 వికెట్లకు 120గా కూలింది. అందుకే "ఆశపడొద్దురా" అంటారు. పిల్లలేమో "గెలుస్తాం" అంటారు. 2023లో వరుసగా 10 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌లో ఓడినప్పుడు పిల్లల నమ్మకం చెదిరింది. 2024 ఫైనల్‌లో దక్షిణాఫ్రికాకు 30 బంతుల్లో 30 పరుగులే కావలసినప్పుడు పెద్దలు "అయిపోయింది" అన్నారు. అయినా మనం 7 పరుగులతో గెలిచాం. భయమూ తప్పింది, ధీమా కూడా తప్పింది.

ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయము చదవండి. దేవాలయపు పునాది వేసిననాడు, మునుపటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చారు. మిగిలినవారు ఆనందంతో కేకలు వేశారు. ఏది ఏడ్పో, ఏది సంతోషమో తెలియలేదు. తరువాత పని ఆగిపోయింది. అప్పుడు దేవుడు హగ్గయి ద్వారా ఎవరినీ ఎగతాళి చేయలేదు. ధైర్యంగా పని చేయమన్నాడు, తాను తోడున్నానన్నాడు.

ప్రియులారా, విత్తనాల వేళ మన ఇళ్లలోనూ ఇదే వాదం. "ఈ యేడూ వాన రాదు" అని తండ్రి, "వస్తుంది" అని కొడుకు. కొడుకు ఆశతో వేరుశనగ విత్తండి. తండ్రి అనుభవంతో మధ్యలో కంది సాళ్లు వేయండి. నిరీక్షణ స్కోరును బట్టి పుట్టదు. తోడున్న దేవుని బట్టి పుడుతుంది, చేతులకు పని చెబుతుంది.

ప్రభువు మీ ఇంటి రెండు తరాలనూ దీవించును గాక. ఆమేన్.